కుర్చీలోంచి లేవడానికి ఎంత బలం కావాలి?

చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడాన్ని ఎవరూ ఒక పనిగా లెక్కవేయరు. కాస్త ముందుకు వంగుతాం, తొడలు బిగుస్తాయి, ఒంటి బరువంతా మోకాళ్ల మీదికి వస్తుంది, లేచి నిలబడతాం. ఈ ఒక్క కదలికకు తొడ కండరాలు తమకున్న మొత్తం బలంలో ఎంత వాడుతున్నాయో కొలిచిన అధ్యయనం ఒకటి 2003లో వచ్చింది. ఇరవైల్లో ఉన్నవాళ్లకు దాదాపు 40 శాతం సరిపోయింది. డెబ్బైల్లో ఉన్నవాళ్లకు, అదీ ఆరోగ్యంగా తిరుగుతున్నవాళ్లకు, దాదాపు 80 శాతం కావలసి వచ్చింది.

కాబట్టి "నాకేం, బాగానే లేస్తున్నాను, నడుస్తున్నాను" అని డెబ్బై ఏళ్ల మనిషి అంటే అది అబద్ధం కాదు. కాకపోతే ఆ మనిషి లేచిన ప్రతిసారీ తన శక్తి చివరి అంచుకు దగ్గరగా వెళ్లి వస్తున్నాడు. మిగిలిన ఆ 20 శాతంలోనే రేపు రాబోయే జ్వరం, ఆపరేషన్, మంచం మీద గడిచే పది రోజులు, అన్నీ ఇమడాలి. కండ పెంచడం అనగానే అద్దం, టైట్ టీషర్టు, ఫోటోలు గుర్తొస్తాయి. ఆరోగ్యానికి సంబంధించినంత వరకు అసలు సంగతి ఈ మిగులు బలం. వయసులో ఉన్నప్పుడు అది ఎంత ఉందో మనకు తెలియదు, ఎందుకంటే దాని అవసరమే పడదు.

మిగులు ఎలా కరుగుతుంది

ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతుందని, అరవై తర్వాత ఇంకా వేగం పుంజుకుంటుందని వైద్యశాస్త్రం లెక్క కట్టింది. ఇది ఒక సగటు మాత్రమే. రోజంతా కూర్చునే మనిషికీ బరువులు మోసే మనిషికీ ఒకే లెక్క వర్తించదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: కండ తగ్గే వేగం కంటే బలం తగ్గే వేగం చాలా ఎక్కువ. డెబ్బై దాటాక ఏడాదికి 3 శాతం దాకా బలం పోతుంటుంది. చురుకుదనం, అంటే బలాన్ని ఎంత త్వరగా ప్రయోగించగలం అన్నది, ఇంకా ముందే జారిపోతుంది.

దీనికి కారణం కండలో మాత్రమే లేదు. వెన్నుపాము నుంచి కండరాలకు వచ్చే నాడుల్లో కొన్ని వయసుతోపాటు చనిపోతాయి. ఒక నాడి పోతే దాని కింద పనిచేసే కండర పోగులు కొన్ని వందలు దిక్కులేనివవుతాయి. పక్క నాడి వాటిలో కొన్నిటిని చేరదీస్తుంది, మిగతావి ఎండిపోతాయి. పైగా అన్ని పోగులకూ ఒకే నష్టం జరగదు. నింపాదిగా, గంటల తరబడి పనిచేసే పోగులు చాలావరకు నిలబడతాయి. మెరుపులా స్పందించే పోగులే ముందు చిక్కిపోతాయి. కాలు జారినప్పుడు అర సెకనులో ఇంకో అడుగు ముందుకు వేసి మనల్ని నిలబెట్టేవి ఈ రెండో రకానివే. అందుకే రోజూ గంటసేపు వాకింగ్ చేసే పెద్దవాళ్లు కూడా తడి నేల మీద జారితే ఆపుకోలేక పడిపోతుంటారు. వాకింగ్‌లో ఆ పోగులకు పెద్దగా పని పడదు మరి.

పుస్తకాల్లో ఈ తగ్గుదలను నున్నగా కిందికి వాలే గీతలా గీస్తారు. నిజానికి అది మెట్లలా ఉంటుంది. నెలల తరబడి పెద్ద తేడా ఉండదు, ఒక జబ్బు వస్తుంది, ఒక్కసారిగా ఒక మెట్టు దిగిపోతాం. 2007లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో సగటున 67 ఏళ్ల వయసున్న ఆరోగ్యవంతులను పది రోజులు మంచం మీదే ఉంచారు. తిండికి లోటు చేయలేదు. పది రోజులయ్యేసరికి వాళ్ల కాళ్లలో దాదాపు ఒక కిలో కండ పోయింది. వయసులో ఉన్నవాళ్లను నెల దగ్గర దగ్గరగా పడుకోబెట్టినా పోయింది అంతకంటే తక్కువే. ఇందులో జబ్బు లేదు, జ్వరం లేదు, మందులు లేవు. కేవలం పడుకోవడం. ఇక నిమోనియాతో ఆసుపత్రిలో చేరినవాళ్ల సంగతి వేరే చెప్పాలా? "ఆసుపత్రి నుంచి వచ్చాక మనిషి మునుపటిలా లేడు" అని ఇళ్లలో అనుకునే మాటకు చాలాసార్లు అర్థం ఇదే. రోగం తగ్గింది. కాళ్లు మాత్రం తిరిగి రాలేదు.

ఈ క్షీణతకు సార్కోపీనియా అని పేరు పెట్టింది 1980ల చివర్లో. అమెరికా వైద్య కోడ్ల జాబితాలో అది ఒక జబ్బుగా చేరింది 2016లో. అప్పటిదాకా దీన్ని వయసు మీద పడటం అనుకుని వదిలేశారు. ఇప్పుడు గుర్తుపట్టడానికి ఖరీదైన స్కాన్లు కూడా అక్కర్లేదు. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. దీనికి 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే జాగ్రత్త పడాలని ఆసియా నిపుణుల బృందం 2019లో చెప్పింది. ఐరోపా బృందం 15 సెకన్ల దాకా సడలింపు ఇచ్చింది. నన్నడిగితే ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకునే ప్రతి మనిషీ దీన్ని కూడా చూసుకోవాలి. పైసా ఖర్చు లేదు, సూది గుచ్చుకునే బాధ లేదు.

షుగర్ ఎక్కడికి పోతుంది

కండ అంటే కదలడానికి మాత్రమే అనుకుంటే సగం సంగతి తెలియనట్టే. మన రక్తం మొత్తంలో ఏ సమయంలోనైనా ఉండే గ్లూకోజు సుమారు 5 గ్రాములు, అంటే ఒక చెంచా. ఒక పూట భోజనం దానికి ఎన్నో రెట్ల గ్లూకోజును రక్తంలోకి తెస్తుంది. అదంతా గంటల్లోనే ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. ఇన్సులిన్ ప్రభావంతో కణాల్లోకి వెళ్లే గ్లూకోజులో దాదాపు 80 శాతాన్ని కండరాలే తీసుకుంటాయని ప్రయోగశాలలో కొలిచారు. అక్కడ అది గ్లైకోజెన్‌గా, అంటే నిలవ చక్కెర రూపంలో ఉంటుంది. కాలేయంలో 100 గ్రాముల వరకు పడితే, కండరాలన్నిటిలో కలిపి 400 గ్రాముల పైచిలుకు పడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కాలేయం తన దగ్గరున్న చక్కెరను అవసరమైతే తిరిగి రక్తంలోకి వదులుతుంది. కండరం వదలలేదు, ఆ పని చేసే ఎంజైము దానికి లేదు. లోపలికి వెళ్లిన చక్కెర అక్కడే ఖర్చు కావాలి. కదలని కండరంలో నిలవ తగ్గదు, నిలవ తగ్గకపోతే కొత్త చక్కెరకు చోటు ఉండదు. ఎంత పెద్ద కండ ఉన్నా దానికి పని పెట్టకపోతే లాభం అంతంత మాత్రమే.

టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకు పనికొచ్చే సంగతి ఇంకోటుంది. కణాల్లోకి గ్లూకోజును తీసుకుపోయే ప్రోటీన్ ఒకటి, జీఎల్‌యూటీ4 అంటారు, మామూలుగా కణం లోపల ఉంటుంది. ఇన్సులిన్ సంకేతం అందగానే అది కణం పైపొరకు వచ్చి గ్లూకోజును లోపలికి లాగుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఈ సంకేతం బలహీనపడుతుంది. అయితే కండరం గట్టిగా ముడుచుకున్నప్పుడు, ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండా, ఇదే ప్రోటీన్ వేరే దారిలో పైకి వస్తుంది. ఆ దారి షుగర్ ఉన్నవాళ్లలో కూడా చక్కగా పనిచేస్తుంది. వ్యాయామం ఆపేశాక కూడా ఒకటి రెండు రోజుల పాటు ఆ కండరం ఇన్సులిన్ మాట కొంచెం ఎక్కువగా వింటుంది. అందుకే వారానికి ఒకే రోజు ఒళ్లు హూనం చేసుకోవడం కంటే రెండు మూడు రోజులు పంచుకోవడం మేలు.

ఈ సందర్భంలోనే ఒక అపోహ తీర్చేయాలి. కండ పెంచితే కూర్చున్నా క్యాలరీలు కరిగిపోతాయని జిమ్ ప్రకటనలు ఊదరగొడుతుంటాయి. విశ్రాంతిలో ఉన్న కండ కిలోకు రోజుకు సుమారు 13 క్యాలరీలు ఖర్చు చేస్తుంది. కొవ్వయితే 4.5. చెమటోడ్చి రెండు కిలోల కండ పెంచారనుకోండి, రోజుకు అదనంగా ఖర్చయ్యేది 26 క్యాలరీలు. రెండు చెంచాల పంచదార పాటి చేయదు. బరువు తగ్గడానికి కండ పెంచమనడం తప్పుడు కారణంతో ఇచ్చే మంచి సలహా.

బరువు తగ్గేవాళ్లకు కండ అవసరం లేదని కాదు, కారణం వేరు. తిండి మాత్రమే తగ్గించి పది కిలోలు తగ్గితే అందులో సుమారు పావు వంతు కొవ్వు కాదు, కండ లాంటి కొవ్వేతర భాగం. ఇప్పుడు వాడుకలోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లతో ఈ వాటా కొన్ని పరిశోధనల్లో ఇంకా ఎక్కువే కనిపించింది. ఆపేశాక బరువు తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎక్కువగా కొవ్వే వస్తుంది. రెండు మూడుసార్లు ఇలా తగ్గి పెరిగితే, కాటా మీద అంకె పాతదే ఉన్నా లోపల కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అయిన మనిషి మిగులుతాడు. బీఎమ్ఐ ఈ తేడాను పట్టుకోలేదు, దానికి తెలిసింది బరువూ ఎత్తూ మాత్రమే.

జబ్బు చేసినప్పుడు

ఒంట్లో కొవ్వుకు నిలవ ఉంది, చక్కెరకు కొంత నిలవ ఉంది. ప్రోటీన్‌కు మాత్రం విడిగా నిలవంటూ లేదు. పెద్ద ఇన్ఫెక్షన్ వచ్చినా, ఒళ్లు కాలినా, పెద్ద ఆపరేషన్ జరిగినా, రోగనిరోధక కణాలకూ మానుతున్న గాయానికీ ఒక్కసారిగా అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ తయారయ్యే ముడిసరుకు, కావాలి. తిండి సహించని ఆ రోజుల్లో శరీరం వాటిని కండలోంచి తీస్తుంది. ఎంత ఉంటే అంతే తీయగలదు. క్యాన్సర్ రోగుల స్కాన్లలో కండ తక్కువగా కనిపించినవాళ్లు కీమోథెరపీని తట్టుకోవడం కష్టమవుతోందని పలు అధ్యయనాల్లో తేలింది.

ఎముకల సంగతి అందరికీ కొంత తెలిసిందే. కండ లాగుతుంటేనే ఎముక గట్టిపడుతుంది. పడిపోవడం వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా 6.8 లక్షల మందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రమాదవశాత్తు జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే.

పట్టు బలం చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

2015లో వెలువడిన ప్యూర్ అధ్యయనంలో 17 దేశాల్లో దాదాపు 1.4 లక్షల మంది చేతిపట్టును చిన్న పరికరంతో కొలిచి, సగటున నాలుగేళ్లు గమనించారు. పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ ఏ కారణంతోనైనా చనిపోయే ముప్పు 16 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. మరణాన్ని ముందే సూచించడంలో బీపీ పై అంకె కంటే ఇదే మెరుగ్గా నిలిచింది. ఇలాంటి వార్తలు చదివి చేతిలో స్ప్రింగు పెట్టుకుని నొక్కడం మొదలుపెట్టేవాళ్లూ ఉంటారు. దానితో ముంజేయి గట్టిపడుతుంది, ఆయుష్షు పెరుగుతుందని ఎవరూ నిరూపించలేదు. చేతిపట్టు ఒళ్లంతటి స్థితిని చూపించే ఒక అద్దం మాత్రమే. లోలోపల జబ్బు ముదురుతున్న మనిషికి పట్టు ముందే సడలుతుంది, కాబట్టి ఏది కారణమో ఏది ఫలితమో ఈ లెక్కల్లో పూర్తిగా విడదీయలేం.

ఇంకో చిక్కు కూడా ఉంది. అమెరికాలో డెబ్బైల్లో ఉన్న రెండు వేల మందికి పైగా జనాన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన అధ్యయనం 2006లో చెప్పిందేమిటంటే, మరణంతో ముడిపడింది బలమే గానీ కండ పరిమాణం కాదు. జిమ్‌లో అద్దం ముందు నిలబడి చేతి చుట్టుకొలత చూసుకునేవాళ్లకు ఇది రుచించకపోవచ్చు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. టేపు పెట్టి కొలిచే కండ వేరు, అవసరానికి పనికొచ్చే బలం వేరు. రెండూ కొంతదూరం కలిసి నడుస్తాయి, తర్వాత విడిపోతాయి.

మరి బలం పెంచితే నిజంగా మేలు జరుగుతుందా? దీనికి పరిశీలనలు చాలవు, ప్రయోగం కావాలి. అలాంటి వాటిలో నాకు బాగా నచ్చేది 1990 నాటిది. వృద్ధాశ్రమంలో ఉంటున్న పదిమంది. సగటు వయసు 90, అందరికంటే పెద్ద మనిషికి 96. వాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి, కాలికి బరువు కట్టి, మోకాలు చాపి దించమన్నారు. పేరుకు రెండు కిలోల బరువు కాదు, ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 80 శాతం దాకా. వారానికి మూడు రోజులు, ఎనిమిది వారాలు. తొమ్మిది మంది చివరిదాకా నిలిచారు. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. చేతుల సాయం లేకుండా లేవలేకపోయిన ముగ్గురిలో ఒకరు లేవగలిగారు. తొడ కండ పెరిగింది మాత్రం 9 శాతమే. మిగతా బలమంతా ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కువ భాగం నాడుల నుంచి. ఉన్న పోగులనే ఎక్కువ సంఖ్యలో, ఒకేసారి పనికి పిలవడం మెదడు నేర్చుకుంది. ఏ వయసువాళ్లకైనా మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలం చాలావరకు ఇలాంటిదే. అద్దంలో ఏమీ కనిపించలేదని నెల తిరక్కుండానే మానేసేవాళ్లు ఈ సంగతి తెలియక మానేస్తారు.

అదే పరిశోధక బృందం 1994లో వందమందితో మళ్లీ చేసింది. ఈసారి కొందరికి వ్యాయామం, కొందరికి పోషక పానీయం, కొందరికి రెండూ, మిగిలినవాళ్లకు రెండూ లేవు. వ్యాయామం చేసినవాళ్ల బలం రెట్టింపు దాటింది. పానీయం ఒక్కటే తాగినవాళ్లకు చెప్పుకోదగ్గ లాభం రాలేదు. డబ్బాలు అమ్మేవాళ్లు ఈ ఫలితం గురించి మాట్లాడగా నేను వినలేదు.

డెన్మార్క్‌లో ఉద్యోగ విరమణ వయసులో ఉన్న నాలుగు వందల మందికి పైగా జనంతో చేసిన ప్రయోగ ఫలితాలు 2024లో వచ్చాయి. ఏడాది పాటు భారీ బరువులతో శిక్షణ పొందినవాళ్లలో, మొదలుపెట్టిన నాలుగేళ్లకు కూడా కాళ్ల బలం దాదాపు అలాగే నిలిచింది. మధ్యస్థ తీవ్రతతో వ్యాయామం చేసినవాళ్లకు, ఏమీ చేయనివాళ్లకు అది తగ్గింది. బరువులెత్తితే ఇన్నేళ్లు ఎక్కువ బతుకుతారని ఎవరైనా లెక్కగట్టి చెబితే నేను నమ్మను. మన పని మనం చేసుకునే ఏళ్లు పెరుగుతాయంటే నమ్ముతాను.

ఎంత, ఎలా

రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల మోకాళ్లు నెలల తరబడి కోలుకోకుండా ఉండేవి. అప్పట్లో డాక్టర్లు తేలిక బరువులతో ఎక్కువసార్లు కాలు ఆడించమనేవారు. థామస్ డిలోర్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు అందుకు భిన్నంగా బరువు క్రమంగా పెంచుతూ పోయాడు. సైనికులు త్వరగా కోలుకున్నారు. 1945లో ఆయన ఆ పద్ధతిని ప్రచురించాడు. ఇప్పటికీ సూత్రం మారలేదు. నిన్న కష్టమైంది ఈరోజు తేలికైతే, కొంచెం పెంచాలి. పెంచకపోతే కండరానికి మారాల్సిన అవసరం కనిపించదు. ఏళ్లుగా అదే దారిలో అదే వేగంతో నడుస్తున్న వాకింగ్ గుండెకు మంచిదే, కాళ్ల బలానికి చాలదు.

బరువు ఎంత ఉండాలన్న దానిమీద జిమ్‌లో తగువులు చాలా ఉన్నాయి గానీ, కండ పెరగడానికి బరువు తేలికైనా పర్వాలేదు, అలసట దాకా వెళ్లాలి. ఎనిమిదిసార్లు చేయగలిగే బరువైనా, ఇరవైసార్లు చేయగలిగే బరువైనా, చివరి రెండు మూడు సార్లు కదలిక దానంతటదే నెమ్మదించాలి, ఇంకో రెండుసార్లకు మించి చేయలేనని అనిపించాలి. పదిహేను చేసి కబుర్లు చెప్పగలుగుతున్నారంటే ఆ బరువు చాలదు. బలం కోసమైతే బరువు ఎక్కువ ఉండటమే మేలు.

పెద్దలు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని పెట్టాలని, 65 దాటినవాళ్లు బ్యాలెన్స్ వ్యాయామాలతో కలిపి మూడు రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 2022లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్షలో, మరణాల ముప్పు అందరికంటే తక్కువ కనిపించింది వారానికి 30 నుంచి 60 నిమిషాలు చేసేవాళ్లలో. టైమ్ లేదనేవాళ్లు ఈ అంకె ఒకసారి చూసుకోవచ్చు. మగవాళ్లలా కండలు వచ్చేస్తాయని భయపడే ఆడవాళ్లకు ఆ భయం అక్కర్లేదు, వాళ్లలో టెస్టోస్టెరాన్ మగవాళ్లలో ఉండేదానిలో పదో వంతు కూడా ఉండదు. మెనోపాజ్ తర్వాత ఎముకలు పలచబడటం, కండ తగ్గడం జంటగా వస్తాయి కాబట్టి నిజానికి వాళ్లకే దీని అవసరం ఎక్కువ.

తిండి విషయంలో సాధారణంగా చెప్పే లెక్క కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాముల ప్రోటీన్. వయసు పెరిగాక అదే ప్రోటీన్‌కు కండరం మునుపటిలా స్పందించదు. అందుకే పెద్దవాళ్లకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా ఉండాలని నిపుణులు అంటున్నారు. 60 కిలోల మనిషికి 48 గ్రాముల బదులు 60 నుంచి 72 గ్రాములు. ఒకే పూట కాకుండా మూడు పూటలా పంచుకుంటే మంచిది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఈ లెక్క జోలికి పోకూడదు.

బీపీ అదుపులో లేనివాళ్లు, ఈమధ్యే గుండె ఇబ్బంది వచ్చినవాళ్లు, షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లు భారీ బరువుల దగ్గరికి వెళ్లేముందు తప్పకుండా డాక్టరును కలవాలి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం అలవాటు చేసుకోవాలి. మర్నాడు, ఆ తర్వాతి రోజు కండలు సలిపితే కంగారు అక్కర్లేదు. కీలులో సూదిలా గుచ్చే నొప్పి వేరు, అది వస్తే అక్కడితో ఆపాలి. జ్వరమో ప్రయాణమో వచ్చి రెండు మూడు వారాలు మానేయాల్సి వస్తే పాత బరువుతో మొదలుపెట్టొద్దు, సగంతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచుకుంటూ పోవచ్చు. ఒకసారి సంపాదించిన బలం మొదటిసారి పట్టినంత కాలం పట్టకుండానే తిరిగొస్తుంది.